తలకెక్కిన మోదుగపూవు

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలానికి పోయే బాట సుమారు 120 కిలోమీటర్లు. మాఘమాసం చివరి దినాలలో ఈ బాటన పోయేవారికి అడవి ఒక వింతవేషంలో కనిపిస్తుంది. టేకు ఆకు రాల్చి ఎముకలగూడువలె నిలిచి ఉంటుంది. నేల అంతా ఎండుటాకు. ఆ బూడిదరంగు నడుమ, ఒక్క ఆకైనా లేని కొమ్మలకు నిప్పంటుకొన్నట్లు, మోదుగ పూచి ఉంటుంది. గోదావరి ఒడ్డున శ్రీరామనవమి పందిళ్లకు ఇంకా నెల, నెలన్నర వ్యవధి ఉండగానే అడవి తన పందిరి తాను వేసుకొంటుంది.

మోదుగను ఎరుగని తెలుగు ఉపాధ్యాయుడు ఉండడు. చెట్టును చూడనివాడు సైతం సుభాషితంలో దానిని చూచి ఉంటాడు. రూపము, యౌవనము, కులము అన్నీ ఉండి విద్య మాత్రం లేనివాడు వాసన లేని మోదుగపూవువంటివాడని ఆ సంస్కృత శ్లోకం తాత్పర్యం. ఎన్ని తరాల పిల్లలు దానిని వల్లించారో లెక్కలేదు. అందులో మోదుగకు వాడిన పేరు కింశుకం. ‘ఇది చిలుకయా ఏమి?’ అని ఆ మాటకు విడదీసి చెప్పే అర్థం. పూవులోని వంపు తిరిగిన ఎర్రని భాగం చిలుకముక్కును పోలి ఉండడమే ఆ పేరుకు కారణం. పేరు పెట్టినవాడు పూవును చేతిలోకి తీసుకొని చూచినాడు. పోలిక చెప్పినవాడు ముక్కు దగ్గర పెట్టుకొని చూచి, వాసన రాలేదని పక్కన పడవేసినాడు.

అడవి అంచున బ్రతికేవారు ఆ పూవును అంత తేలికగా పక్కన పడవేయరు. మోదుగ ఆకు విస్తరి అవుతుంది, దొన్నె అవుతుంది. వేరునార పగ్గమవుతుంది. కొమ్మలమీద లక్కపురుగు కాపురముంటుంది. కాయలోని పలుచని ఒంటిగింజను మోదుగమాడ అంటారు. కడుపులోని పురుగులకు మందుగా దానిని వాడడం పాతవైద్యంలో ఉన్నది. ఉపనయనమైన వటువు చేతికిచ్చే దండం మోదుగదే. కాముని పున్నమనాటికి పూలను మరగబెట్టి రంగునీళ్లు చేస్తారు. పలాశమన్న దీని మరొక పేరు చరిత్రపుస్తకంలో కూడ దాగి ఉన్నది: 1757లో క్లైవు గెలిచిన ప్లాసీ యుద్ధం జరిగిన ఊరు పలాశి. వాసన ఒక్కటి లేదన్న మాట నిజమే. ఆ ఒక్కటి చూచి చెట్టుకు మార్కులు వేయడం న్యాయమా అన్నది తరగతిలో అడగదగిన ప్రశ్న.

ఈ పూవును నెత్తిన పెట్టుకోవడం ఎట్లా? జడలో తురుముకోవడం గూర్చి కాదు ఈ ప్రస్తావన. ఊలుతో టోపీగా అల్లుకోవడం గూర్చి. వినడానికి ఇది వేసవినాటి వేళాకోళంవలె ఉండవచ్చు. కాని పుష్యమాసంలో ఈ ప్రాంతపు ఆశ్రమపాఠశాలలో తెల్లవారుజామున లేచే పిల్లవానిని అడిగితే టోపీ అవసరమేమిటో వాడే చెబుతాడు. గోదావరి మీది మంచు, అడవి చలి కలిసి చెవులు కొరుకుతాయి.

ఇక్కడి తల ఏనాడూ వట్టితల కాదు. వానకాలంలో పొలాన వంగినవానికి గిడుగు ఉండేది. గిడుగు అనగా పిడి లేని ఆకుగొడుగు. టోపీవలె తలమీదనే నిలుస్తుంది, రెండు చేతులూ పనికి దక్కుతాయి. మధ్యభారతపు అడవులనుండి ఒరిస్సా వరకు ఇటువంటి వానటోపీలకు అడ్డాకు వాడడం కలదు. అడ్డ అనేది పెద్ద పూలతీగ. చెట్లను చుట్టుకొని శిఖరం దాకా ఎగబాకుతుంది, దాని ఆకు రెండు గుండెలు అతికించినట్లుంటుంది. భద్రాచలానికి దిగువన, తూర్పుకనుమలలో అడ్డతీగల అని ఒక ఊరే ఉన్నది. చలికాలానికి గొంగడి ఉన్నది. దానిని ఒక మూలన మడిచి తలమీదుగా కొప్పెర వేసుకొంటే టోపీ, శాలువ, వానకోటు మూడూ ఒక్కటే. ఇక పండుగనాడు కోయవారు తలకు ధరించే కొమ్ముల కిరీటం సంగతి లోకమెరిగినదే. అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, ముందు వ్రేలాడే కుచ్చులు, మెడలో డోలు. కొమ్ముకోయ ఆట ఢిల్లీ దాకా వెళ్లినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అడవిదున్నను వేటాడడం నేరం. కనుక ఆ కొమ్ముల విలువ పెరిగినదే కాని తరగలేదు.

గిడుగు అన్న మాట రాగానే తెలుగు ఉపాధ్యాయులకు మరొకటి స్ఫురించక మానదు. వ్యావహారికభాష కొరకు పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) ఇంటిపేరూ ఆ పలుకే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి ఆయన సవరభాష నేర్చుకొన్నారు; దానికి వ్యాకరణం, నిఘంటువు వ్రాసినారు; సవరపిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించడానికి పాటుపడినారు. కొండపిల్లవాడు బడికి వట్టిచేతులతో రాడని, ఒక భాషను వెంటబెట్టుకొని వస్తాడని గుర్తించిన తొలితరం తెలుగు ఉపాధ్యాయులలో ఆయన ఒకరు. ఆ పిల్లవాడు భాషతోపాటు చేతులలో మరొక విద్యనుకూడ తెస్తాడు. టోపీ కథ అక్కడికే వస్తుంది.

సూదుల అల్లిక ఈ నేలమీద పుట్టినది కాదు. వెదురుబద్దతో బుట్ట, తాటాకుతో చాప, నారతో ఉట్టి, ఈనెలతో చేట అల్లడం ఇక్కడి విద్య. దారంతో పూలు అల్లే విద్య గోదావరి వెంట పైకి వచ్చినది. దుమ్ముగూడెం వద్ద నదికి ఆనకట్ట కట్టి, రాతిబండల అడ్డు దాటించి పడవలు నడపాలని పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో తెల్లదొరతనం ప్రయత్నించినది. ఇంజనీరు హెయిగ్ ఆ పనిమీద ఉన్న రోజులలోనే, 1860 ప్రాంతంలో, అక్కడ క్రైస్తవ మిషను వెలసినది. పడవల పథకం 1871లో ఆగిపోయినది, మిషను నిలిచినది. ఆ మిషనులో జాన్ కెయిన్ అనే ఫాదిరీ కోయవారిని గూర్చి, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గూర్చి వ్యాసాలు వ్రాసినాడు. ఆడపిల్లలకు లేసు అల్లిక నేర్పడం మిషను స్త్రీల పని. దుమ్ముగూడెం లేసు అన్న మాట ఆ విధంగా ప్రచారంలోకి వచ్చినది. నదికి దిగువన నరసాపురంలో అంతకుముందే నాటుకొన్న లేసుపని నేటికీ వేలమంది స్త్రీల చేతిలో ఉన్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది.

లేసులో అల్లిన పూవులలో చాలవరకు సీమపూలే. నమూనాపుస్తకం ఎక్కడ అచ్చయితే అక్కడి తోటపూలు అందులో ఉంటాయి. కిటికీలోనుండి కనిపించే మోదుగ, ఒళ్లో ఉన్న నమూనాలో కనిపించదు. గులాబి అల్లడానికి పుస్తకం తెరిస్తే చాలు. మోదుగ అల్లాలంటే చెట్టు దగ్గరకు పోక తప్పదు.

చెట్టు దగ్గరకే పోయి చూద్దాం. రాలిన పూవు ఒకటి చాలు, కొమ్మ విరువనక్కరలేదు. అడుగున నల్లని మెత్తని గిన్నె, ముఖమల్‌గుడ్డను తాకినట్లుంటుంది. అది రక్షకపత్రావళి. దానిలోనుండి వెలికివచ్చే ఆకర్షణపత్రాలు అయిదు. ఇక్కడనే అల్లేవారు పొరబడతారు. అయిదు అనగానే టోపీ పైభాగాన్ని అయిదు సమానభాగాలు చేసి, అయిదు రేకులు తేల్చి, నారింజరంగు ఊలు వేసి మోదుగ అని పేరు పెడతారు. తయారైనది మందారం అవుతుంది కాని మోదుగ కాదు. మందారంలో అయిదు రేకులూ సమానం. ఎటు త్రిప్పినా ఒకటే. మోదుగకు ముందు, వెనుక ఉన్నాయి. వెనుక విశాలంగా విచ్చుకొన్నది ధ్వజం. ఇరుప్రక్కల ఉన్నవి బాహువులు. ముందువైపు రెండు రేకులు అంచులు కలిసి దోనె ఆకారంలో వంగినవి ద్రోణులు, చిలుకముక్కు అదే. పదవతరగతి దాటి వృక్షశాస్త్రం చదివిన విద్యార్థులు ఈ మాటలన్నీ కంఠతా వల్లించినవారే. చిక్కుడు, బఠానీ, అవిసె, కంది పూలదీ ఇదే పోకడ.

కనుక టోపీలో భాగాలు అసమానంగా ఉండాలి. అసమానమైనా మొత్తం కలిసిరావాలి. లెక్క ఇక్కడ మొదలవుతుంది.

పిల్లవాని తల చుట్టుకొలత 52 సెంటీమీటర్లు అనుకొందాం. ఊలు సాగుతుంది కనుక టోపీ 50కి అల్లితే బిగువుగా కూర్చుంటుంది. మధ్యరకం ఊలుతో, దానికి తగిన సూదులతో అల్లినప్పుడు 10 సెంటీమీటర్ల వెడల్పునకు 20 కుట్లు, 10 సెంటీమీటర్ల ఎత్తునకు 28 వరుసలు వస్తాయి. చేతి బిగువునుబట్టి ఇది మారుతుంది. అందుచేత ముందుగా చిన్నముక్క అల్లి కొలుచుకోవడం మంచి అలవాటు. తొందరపడి ఆ ముక్క అల్లనివారి టోపీలు గుమ్మడికాయకు పనికివచ్చిన సందర్భాలు లేకపోలేదు. పై లెక్కన 50 సెంటీమీటర్లకు 100 కుట్లు. వాటిని పంచాలి: ధ్వజానికి 28, బాహువులకు ఇరవయ్యేసి చొప్పున 40, ద్రోణులకు పదహారేసి చొప్పున 32. మొత్తం నూరు.

క్రింది అంచు నల్ల ఊలుతో 12 వరుసలు. రెండు సూటికుట్లు, రెండు తిరుగుకుట్లు మార్చి మార్చి వేస్తే అది గీతలుగీతలుగా పట్టుకొని చెవులమీద నిలుస్తుంది. అదే పూవు అడుగునున్న నల్లగిన్నె. ఆపైన మోదుగరంగుతో మరి 12 వరుసలు నిటారుగా సాగుతాయి. అక్కడినుండి తల గుండ్రదనం మొదలు. కుట్లు తగ్గిస్తూ శిఖరానికి చేరాలి.

ఎంత వేగంగా తగ్గించాలి? రెండు వరుసలకు పదేసి కుట్లు తగ్గిస్తే 20 వరుసలలో, అనగా 7 సెంటీమీటర్లకు, పని ముగుస్తుంది. 50 సెంటీమీటర్ల చుట్టుకొలత గల వృత్తానికి వ్యాసార్ధం సుమారు 8 సెంటీమీటర్లు కనుక అది ఇంచుమించు పళ్లెంవలె బల్లపరుపుగా వస్తుంది. రెండు వరుసలకు అయిదేసి తగ్గిస్తే 40 వరుసలు పట్టి గోపురమవుతుంది. తల పైభాగం అర్ధగోళమనుకొంటే చెవిమీదినుండి నడినెత్తికి చుట్టుకొలతలో నాలుగవ వంతు, అనగా పన్నెండున్నర సెంటీమీటర్లు. అందుకు 36 వరుసలు సరిపోతాయి. ముప్పదియారింటిని తొమ్మిదేసి వరుసల నాలుగు విడతలు చేసికొంటే, ఒక్కొక్క విడతకు 25 కుట్లు తగ్గాలి.

ఈ 25ను అయిదు రేకులకు సమానంగా పంచితే చిక్కు వచ్చిపడుతుంది. ఒక్కొక్క రేకుకు అయిదేసి చొప్పున తగ్గించుకుంటూ పోతే పదహారు కుట్ల ద్రోణి మూడవ విడత ముగిసేసరికే ఒక్క కుట్టుకు చిక్కిపోతుంది. ఇరవై ఎనిమిది కుట్ల ధ్వజం ఇంకా పదమూడింటితో ఠీవిగా నిలిచి ఉంటుంది. టోపీ ఒకప్రక్కకు లాగుకొనిపోతుంది. 28, 20, 20, 16, 16లను నాలుగుతో భాగిస్తే 7, 5, 5, 4, 4. కూడితే 25. విడత విడతకూ ధ్వజం ఏడు, బాహువులు అయిదేసి, ద్రోణులు నాలుగేసి వదులుకోవాలి. అప్పుడు అన్ని రేకులూ ఒకేసారి శిఖరాన్ని చేరతాయి. చివరి విడతలో రేకుకు ఒక్కొక్క కుట్టు మిగిల్చి, ఆ అయిదింటిలోనుండి దారం దూర్చి లాగితే మూత పడుతుంది. మొత్తం 60 వరుసలు. నాలుగువేలకు పైగా కుట్లు. నిష్పత్తి, అనుపాతం అన్న పాఠం నల్లబల్లమీద ఎన్నిమార్లు చెప్పినా బోధపడని పిల్లకు, టోపీ వంకరపోయినప్పుడు ఒక్కమారుగా బోధపడుతుంది.

రేకు అంచులు తేలాలంటే కుట్లు తగ్గించే చోటును ఎంచుకోవాలి. రెండు కుట్లను కలిపి ఒకటిగా చేసినచోట సన్నని గీత పడుతుంది. ధ్వజానికి, బాహువులకు ఇరువైపులా ఆ గీత ఉండవచ్చు. ద్రోణుల విషయంలో బయటి అంచులలో మాత్రమే తగ్గించాలి. రెండింటి నడుమ గీత పడకుంటే అవి కలిసి ఒకే ముక్కుగా కనిపిస్తాయి. గుండ్రంగా అల్లే సూదులు లేక రెండు నిలువు సూదులే ఉన్నవారు టోపీని బల్లపరుపుగా అల్లి చివర కుట్టుకొంటారు. ఆ కుట్టును ధ్వజం నడుమకు తెచ్చుకొంటే, 14 కుట్లు ఇటు, 14 అటు, పూవులోని నడిమి మడత స్థానంలో అది ఇమిడిపోతుంది.

రంగు సంగతి ఒకటున్నది. అంగట్లో ఊలు పేరుతో దొరికేది చాలవరకు ఆక్రిలిక్. గొర్రెను ఎరుగని ఊలు. మోదుగరంగు దానికి పట్టదు. తెల్లని గొర్రె ఉన్ని దొరికితే, ముందుగా పటికనీటిలో ఉడికించి, ఎండిన మోదుగపూల కషాయంలో వేస్తే పసుపుపచ్చ వస్తుంది. కాస్త సున్నపునీరు తగిలితే నారింజవైపు మళ్లుతుంది. చెట్టుమీది జ్వాల మాత్రం ఎన్నటికీ రాదు, వచ్చిన రంగూ ఎండకు వెలిసిపోతుంది. పూవే పదిరోజులలో రాలిపోయేటప్పుడు టోపీమీద ఎక్కువ కోరడం అత్యాశ.

ఈ లెక్కలన్నీ చదివి, అల్లిక ఎరుగని ఉపాధ్యాయుడు బెదరవచ్చు. బెదరనివారు తరగతిలోనే ఉంటారు. వెదురుబుట్ట అల్లే ఇంట పుట్టిన పిల్ల అడుగుబద్దలను నడిమిలో ఒకదానిమీద ఒకటి వేసి, చుట్టూ సన్నబద్దను త్రిప్పుతూ, ఎక్కడ బద్దలు చేర్చితే బుట్ట విచ్చుకొంటుందో, ఎక్కడ బిగిస్తే మూతి ముడుచుకొంటుందో కంటితోనే కొలిచి చెబుతుంది. టోపీ అనగా బోర్లించిన బుట్టయే. ఆ పిల్ల వృత్తపు లెక్క పరీక్షలో తప్పవచ్చు. ప్రశ్న ఆమె ఇంటిభాషలో ఉండదు. ఇంట కోయమాట, బడిలో తెలుగు, పుస్తకం చివరిపుటలలో ఇంగ్లీషు. ప్రగతిపత్రంలో ‘వెనుకబడినది’ అని వ్రాస్తారు. విద్యాహీనుని కింశుకంతో పోల్చిన శ్లోకం అప్పటికి గోడమీద ఉండనే ఉంటుంది.

చేతిపనిని చదువు నడుమకు తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలికవిద్యకు అదే పునాది. ఆ ప్రణాళికను రచించిన సంఘానికి అధ్యక్షుడు హైదరాబాదులో జన్మించిన జాకీర్ హుసేన్. రాట్నం, మగ్గం ద్వారా లెక్కలు, చరిత్ర, భూగోళం చెప్పాలన్నది వారి ఉద్దేశం. 1964–66 నాటి కొఠారీ సంఘం దానిని పని అనుభవమన్నది. తరువాత మరికొన్ని పేర్లు వచ్చినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరునుండి ఎనిమిదవ తరగతి వరకు సంచి మోయని పదిరోజులను స్థానిక వృత్తికారుల వద్ద గడపమన్నది. పేర్లు మారుతూ వచ్చినవి కాని, కాలపట్టికలో చేతిపనుల గంట మాత్రం లెక్కల ఉపాధ్యాయుడు పాఠాలు పూర్తి చేసుకొనేందుకు అప్పు తీసుకొనే గంటగానే చాలచోట్ల మిగిలినది. అప్పు తీర్చిన లెక్కల ఉపాధ్యాయులు అరుదు.

ఈ అడవికి గీసిన గీతలు కూడ తక్కువేమీ మారలేదు. 1953లో వరంగల్లు నుండి ఖమ్మం జిల్లా విడివడినది. 1959లో భద్రాచలం తూర్పుగోదావరి నుండి అందులో చేరినది. 2014లో చింతూరు, కూనవరం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయినది. గీతకు ఇటు చదివే పిల్లలకూ అటు చదివే పిల్లలకూ వేర్వేరు పాఠ్యపుస్తకాలు. మోదుగ రెండువైపులా ఒకేనాడు పూస్తుంది.

పూవు లోపలిది ఇంకొకటి చెప్పవలసి ఉన్నది. చిలుకముక్కువంటి ద్రోణులను మెల్లగా విప్పితే లోపల పది కేసరాలు కనిపిస్తాయి. తొమ్మిది ఒక కట్టగా కలిసి ఉంటాయి, పదవది విడిగా నిలుస్తుంది. టోపీ బయటివైపు దీనికి చోటు లేదు. అల్లిక ముగిసినాక లోపలివైపు ఎట్లాగూ దారపు కొసలు మిగులుతాయి. సాధారణంగా వాటిని సూదితో దాచి కత్తిరిస్తారు. పూవును విప్పి చూచిన పిల్ల వాటిని కత్తిరించదు. పది కొసలు లెక్కపెట్టి, తొమ్మిదింటిని కలిపి ముడివేసి, ఒకదానిని విడిగా వదలి, టోపీని సరిగా తిప్పి తలకు పెట్టుకొంటుంది.